తోక దొరికింది, తల దొరకలేదు

మా ఇంట్లో ఆ వారం ఎవరూ కుదురుగా కూర్చోలేదు. మా ఆయన ఫోను చెవికి ఆనించుకుని, వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య నేల అరిగిపోయేలా తిరిగాడు. మా వదిన, అంటే ఆయన అక్క, తుడిచిన బల్లనే మళ్లీ మళ్లీ తుడిచింది. నేను కాలుకాలిన పిల్లిలా గదిగదికీ వెళ్లి, ఎందుకొచ్చానో గుర్తురాక వెనక్కి తిరిగాను. మావయ్యగారి సంగతి సరేసరి. తెల్లారకముందే లేచి, చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, వెళ్లాల్సిన చోటేదీ లేదని అప్పుడు గుర్తొచ్చి, ఆ చెప్పులతోనే వరండాలో పచార్లు చేసేవారు.

మావయ్యగారికి గొంతులో క్యాన్సర్. ఇంట్లో ఈ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఆయన కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం వేసే మనిషి. టమాటా బుట్టల వరస ముందు నిలబడి ధర అందుకున్నారంటే, ఆ చివర లారీ దించుతున్నవాళ్లు కూడా తలెత్తి చూడాల్సిందే. ఒకసారి మార్కెట్ కమిటీ వాళ్లు ముచ్చటపడి మైకు కొనిపెడితే, దాన్ని పక్కకి నెట్టి, "దీనికి కరెంటు కావాలి, నాకు కాఫీ చాలు" అన్నారట. అప్పట్నుంచి ఆయన పేరే మైకు అయిపోయింది. ఆ మైకు కొన్ని నెలలుగా గరగరలాడుతోంది. ముందు జలుబన్నాం. తర్వాత అరిచీ అరిచీ రాసుకుపోయిందన్నాం. చివరికి గొంతులోకి గొట్టం దింపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపి, ఒళ్లంతా స్కాన్ చేస్తే అసలు సంగతి బయటపడింది.

సర్జన్ నాన్చే మనిషి కాదు. "స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి," అందావిడ. "గడ్డ పక్కనున్న మెత్తటి ఎముకలోకి పాకింది. రేడియేషన్ ఒక్కటీ సరిపోదు. ఇక ఆయనకి ఇప్పుడున్న గొంతు ఉండదు. ఈ మాట మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? ఆయనకి తెలీకుండా మాత్రం నేను కత్తి పట్టను."

"మేమే చెప్తాం డాక్టర్," అన్నాడు మా ఆయన.

అన్నాడే గానీ, మెట్లు దిగేలోపే ఆ మాట నీరుగారిపోయింది. వదిన మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, "నాన్న ఒప్పుకోడు," అంది. "గొంతు పోతుందంటే ప్రాణమైనా వదులుకుంటాడు గానీ ఆపరేషన్ బల్ల ఎక్కడు. మీకు తెలీదా ఆయన సంగతి?" మా అందరికీ తెలుసు. అందుకే ఎవరం కాదనలేదు. గొంతులో చిన్న గడ్డ తీస్తారు, కొన్నాళ్లు మాట్లాడకూడదు, అంతే అని చెప్పాలని ఆ మెట్ల మీదే నిశ్చయమైపోయింది. తర్వాత వదిన నా వైపు తిరిగింది. "నీ పనే కదా ఇది. డాక్టర్ ఆయన్ని అడిగేటప్పుడు పక్కన నువ్వుండు. తేలిగ్గా అనిపించే మాటలు చూసి చెప్పు."

నా పని అది కాదు. దానికి సరిగ్గా ఎదురు. నేను నర్సింగ్ చదివే పిల్లలకి వైద్యపదాలు నేర్పుతాను. ఆ పదాలు చూసి పిల్లలు మొదట్లో హడలిపోతారు. నేను చెప్పే కిటుకు ఒక్కటే. పదాన్ని తల దగ్గర పట్టుకోవద్దు, తోక దగ్గర పట్టుకోండి. తోక దొరికితే ఏం జరుగుతోందో తెలుస్తుంది, తల దొరికితే ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. స్కూల్లో అర్థంకాని పిల్లలు సాయంత్రాలు మా ఇంటి ముందుగదికి వస్తారు. అక్కడ చాప పరిచి, తోకలన్నీ వల్లె వేయిస్తాను. "ఐటిస్, వాపు. ఆల్జియా, నొప్పి. స్కోపీ, తొంగి చూడడం. ఆటమీ, కొయ్యడం. ఆస్టమీ, దారి పెట్టడం. ఎక్టమీ, తీసెయ్యడం." ఏళ్ల తరబడి ఇదే పాట. ఆ గదికీ మావయ్యగారి మంచానికీ మధ్య ఒక కర్టెన్. మార్కెట్ నుంచి వచ్చి నడుం వాల్చి, అవతల నుంచి, "మీ పాట కంటే మా పాటే నయం టీచరమ్మా, చివరికి బుట్టైనా అమ్ముడుపోతుంది," అని ఎగతాళి చేసేవారు.

చిన్న ఇల్లు కావడంతో రహస్యం మాట్లాడుకునే చోటు లేదు. ఉపాయం మా ఆయనే కనిపెట్టాడు. "నాన్నకి డాక్టర్ల మాటలు తెలీవు కదా. ఆపరేషన్ పేరు ఇంగ్లీషులోనే అనుకుందాం." ఇక చూడండి, భోజనాల బల్ల దగ్గర, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా, "లారింజెక్టమీకి ముందు రక్తపరీక్ష మళ్లీ చెయ్యాలట" అని ఒకరు, "లారింజెక్టమీ అయ్యాక ఎన్నాళ్లుంచుతారు" అని ఇంకొకరు. మావయ్యగారు పళ్లెంలోకి చూస్తూ మెల్లగా నమిలేవారు.

అప్పుడే ఆయనకి ప్రశ్నల పిచ్చి పట్టుకుంది.

మొదటిసారి వంటింట్లోకి వచ్చి, తలుపుకి ఆనుకుని, "టీచరమ్మా, కడుపుని మీ భాషలో ఏమంటారు?" అన్నారు. ఆ గొంతు చిల్లు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఉంది.

"గ్యాస్ట్రో అంటాం మావయ్యా."

"గ్యాస్ట్రో." బుట్ట బరువు చూస్తున్నట్టు ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూశారు. "కాదులే," అని వెళ్లిపోయారు. ఏది కాదో నేనడగలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నా బుర్ర అంతకంటే ఎక్కువ పొంగుతోంది.

మర్నాడు నేను గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే కాలేయం గురించి అడిగారు. హెపటో అన్నాను. "కాదులే." బట్టలారేస్తుంటే వెనకే వచ్చి మూత్రపిండం అడిగారు. నెఫ్రో. "అదీ కాదు." గుండెని కార్డియో అంటామంటే, "ఇది నాకు ముందే తెలుసు, అందరూ అంటుంటారు," అని కొంచెం గర్వపడ్డారు. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడట, అలా ఉంది ఈయన వ్యవహారం అని మనసులో విసుక్కున్నాను. మార్కెట్ లేక కాలక్షేపం కాక ఇలా నా వెంటపడుతున్నారనుకున్నాను. నాలుక అడిగిన రోజు మాత్రం ప్రశ్న వెయ్యడానికి చాలాసేపు తటపటాయించారు. గ్లాసో అంటామని చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత ముఖం విప్పారి, పెద్దగా నవ్వబోయి, దగ్గొచ్చి, దగ్గుతూనే నవ్వారు. ఆ పూట అడిగి మరీ వడ్డించుకున్నారు.

"చూశావా?" అంది వదిన, నా చెవిలో. "ఎంత హుషారుగా ఉన్నాడో! చెప్పకపోవడమే మంచిదైంది."

ఆ సాయంత్రం క్లాసులో పిల్లల చేత నర్సూ రోగీ ఆట ఆడించాను. ఒకమ్మాయి రోగి, ఇంకో అమ్మాయి నర్సు. పదం ముక్కలు చేశాక దాన్ని ఇంట్లో మాటతో రోగికి చెప్పాలి. నేనిచ్చిన పదం గ్యాస్ట్రెక్టమీ. నర్సైన అమ్మాయి మంచి పిల్లే, కానీ ఎవరి మనసూ నొప్పించలేదు. రోగి చెయ్యి పట్టుకుని, "ఏం లేదండీ, లోపల చిన్న గడ్డ తీస్తారు, అంతే," అంది తియ్యగా.

నాకు ఒళ్లు మండిపోయింది. "అంతేనా? ఎక్టమీ అంటే ఏంటి? గడ్డ తియ్యడమా, కడుపు తియ్యడమా? ఆ మనిషి రేపు లేచి, నా కడుపేది, నాకెందుకు చెప్పలేదు అని అడిగితే నువ్వుంటావా అక్కడ జవాబు చెప్పడానికి? ఒంట్లో భాగం వాళ్లది. దాచడానికి నువ్వెవరు?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కర్టెన్ అవతల మంచం కిర్రుమంది. నా నోట్లోంచి వచ్చిన మాట గోడకి తగిలి నా మొహానే కొట్టినట్టయింది. క్లాసు అక్కడితో ఆపేసి పిల్లల్ని పంపించేశాను.

మా ఆయన పెరట్లో ఉన్నాడు. తడి తువ్వాలు ఆరేసినట్టే ఆరేసి, తీసి, మళ్లీ ఆరేస్తున్నాడు. "మీరు చెప్పండి, లేకపోతే నేను చెప్తాను," అన్నాను.

"చెప్పు. చెప్పాక ఆయన రానంటే? పెద్దాయన్ని చేతులూ కాళ్లూ కట్టి తీసుకెళ్తామా? రాకుండా ఇంట్లో కూర్చుని ఊపిరాడక పోతే, నేను చెప్పబట్టేనని నువ్వు బతికినన్నాళ్లూ అనుకోవా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆయన ప్రాణం పోతుందేమో, చెప్పకపోతే ఆయన్ని మోసం చేసి గొంతు కోయించినవాళ్లం అవుతాం. లోపలికి వెళ్లాను, బయటికి వచ్చాను, మళ్లీ లోపలికి వెళ్లాను. కనిపించిన ప్రతి మాటకీ తోక వెతకడం నా వృత్తిరోగం. ఆ రోజు తోకలన్నీ ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి. తీసెయ్యడం, తీసెయ్యడం, తీసెయ్యడం.

ఆస్పత్రిలో చేరాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. "నాన్నా, రేపు ఆస్పత్రిలో చేరాలి. ఎల్లుండి నీ గొంతులో చిన్న గడ్డ తీసేస్తారు. తర్వాత కొన్నాళ్లు మాట్లాడకూడదు. అంతే."

"సరే," అన్నారు మావయ్యగారు.

వదిన నిట్టూర్చింది. మా ఆయన నీళ్లు గటగటా తాగాడు. అంత తేలిగ్గా అయిపోయిందని నమ్మలేనట్టు ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మావయ్యగారు చెంచాతో పళ్లెం అంచు మీద మెల్లగా తడుతూ నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇంకొక్కటి మిగిలింది. మాట పుట్టే చోటు ఉంటుంది చూడు, గొంతులో. దాన్నేమంటారు మీ భాషలో?"

కడుపు, కాలేయం, మూత్రపిండం, గుండె, నాలుక. కాదులే, కాదులే, అదీ కాదు. గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో అక్కడ గోడ కూడా లేదు, కర్టెన్ ఉంది. ఆయనకి వినీ వినీ కంఠతా వచ్చిన పాటలోని మాటనే ఏరి తెచ్చి, ఆయన ముందు కూర్చుని, రహస్యం అనుకుని వాడుకున్నాం. వేలంలో నలభై గొంతులు ఒకేసారి అరిస్తే ఎవరి ధర ఎంతో వరసగా అప్పజెప్పే మనిషి ముందు!

బల్ల కింద మా ఆయన కాలు నా పాదాన్ని తొక్కింది.

ఫారింజ్ అని ఒక మాట ఉంది. అదీ గొంతులోదే, పక్కనే ఉంటుంది, కానీ వేరు. ఆ మాట అంటే చాలు, ఆయన దాన్ని నోట్లో తిప్పి చూసుకుని, "కాదులే" అని నవ్వి, హాయిగా వెళ్లి ఆపరేషన్ బల్ల మీద పడుకుంటారు. ప్రాణం దక్కుతుంది. ఎవరూ నన్నేమీ అనరు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన మొహంలోకి చూశాను. అదే మొహం. ఇదీ కాదని తేలుతుందేమోనన్న ఆశ, ఇదేనేమోనన్న భయం, రెండూ దాచలేని మొహం.

"లారింజ్," అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టారు. పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి. తలనీ తోకనీ అతికించి చూసుకుంటున్నారు. వదిన, "ఏంటి నాన్నా?" అంది, గాభరాగా.

"ఏముంది, దొరికింది," అన్నారు. "ఎక్టమీ అంటే తీసెయ్యడం. ఈ ఇంట్లో నిద్రలో కూడా వినబడే పాటేగా అది. మీరు మొదటిసారి అన్నరోజే తోక దొరికింది నాకు. నాలోంచి ఏదో తీసేస్తున్నారని తెలిసింది. ఏదో తెలీలేదు. గొంతు అని తీసుకెళ్లి ఒళ్లంతా ఫోటోలు తీయించారు, ఎక్కడికి పాకిందో ఎవడికి తెలుసు? అందుకని ఒక్కోటీ కొట్టేసుకుంటూ వచ్చా. కడుపు మిగిలింది. కాలేయం మిగిలింది. గుండె మిగిలింది. నాలుక మిగిలిననాడైతే..." దగ్గు అడ్డొచ్చింది. "అసలు అనుమానం దీని మీదే. అందుకే చివరికి అట్టిపెట్టా. అడగాలంటే భయమేసింది."

వదిన ఏడుపు లంకించుకుంది. ఏడుస్తూనే నా మీద పడింది. "కాసేపు నోరు మూసుకుని ఉండలేకపోయావా? నీ చదువు మండ! ఇప్పుడాయన రానంటే నువ్వు బతికిస్తావా?"

"దాన్నేమీ అనకు," అన్నారు మావయ్యగారు. "నేనడిగితే చెప్పింది. మీరు అడక్కపోయినా చెప్పాల్సినవాళ్లు. సరుకు నాది కదరా? యజమాని లేకుండా ఎలా వేశారు వేలం?"

మా ఆయన తలెత్తలేదు. "నువ్వు ఒప్పుకోవని నాన్నా. నువ్వు లేకుండా పోతావని."

"ఒప్పుకోనేమో. ఆ మాట నేను అనాలిగా." కొడుకు తల మీద చెయ్యి వేసి, అలాగే ఉంచి, నా వైపు చూశారు. "ఇప్పుడు మొత్తం చెప్పు. ఏదీ మిగల్చకు."

చెప్పాను. ఊపిరి సంగతి అడిగారు. మెడ కింద, ఇదిగో ఇక్కడ, రంధ్రం పెడతారు, ఇక ఊపిరి ఎప్పటికీ అక్కణ్నుంచే అన్నాను. "ఆస్టమీ," అన్నారు ఆయన, "దారి పెట్టడం." తిండి నోటితోనే తినొచ్చా అన్నారు. కొన్నాళ్లాగి తినొచ్చన్నాను.

"నవ్వు?"

"నవ్వుతారు మావయ్యా. చప్పుడు రాదు."

"మాట?"

"ఈ మాట రాదు. చిన్న వాల్వ్ పెట్టించుకుని, ఓపిగ్గా నేర్చుకుంటే ఇంకో రకం గొంతు వస్తుంది. మనకి అర్థమయ్యేంత వస్తుంది. వేలం వేసేంత రాదు."

"తియ్యకపోతే?"

తేలిక మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. నేను వెతకలేదు. "గడ్డ పెరిగి ఊపిరికి అడ్డం పడుతుంది. గొంతు ఎలాగూ పోతుంది. దాంతోపాటు మీరూ పోతారు."

ఆయన మళ్లీ చెంచా తీసుకున్నారు. బల్ల మీద ఒక్క దెబ్బ వేసి, "ఒకటోసారి," అన్నారు. వదిన ఏడుపు ఆగిపోయింది. ఇంకో దెబ్బ. "రెండోసారి." చెంచా గాల్లోకి లేచింది. అక్కడే ఆగింది. మెల్లగా దాన్ని పళ్లెంలో పెట్టేసి లేచారు. "మూడోసారి నేనెప్పుడంటే అప్పుడు. నేననేదాకా వేలంపాట ఖాయమైనట్టు కాదు."

ఆ సాయంత్రం ఆయన ఒక్క నిమిషం నోరు మూస్తే ఒట్టు. ఉన్న గొంతంతా చీకటిపడేలోపు ఖర్చుపెట్టాలన్నట్టు మార్కెట్లో ప్రతివాడికీ ఫోన్ చేశారు. పాత తగాదాలు తవ్వి ఇద్దర్ని తిట్టారు, ముగ్గుర్ని పొగిడారు. వదిన చిన్నప్పుడు ఉల్లిపాయల గుట్టలో నిద్రపోతే ఊరంతా వెతికిన కథ మళ్లీ చెప్పారు, వదిన ఎప్పట్లా "చాల్లే నాన్నా" అనలేదు. పిల్లలు క్లాసుకి వస్తే కర్టెన్ జరుపుకుని వచ్చి చాప మీద కూర్చుని, వాళ్లతో కలిసి తోకలు వల్లె వేశారు. నేను తిట్టిన అమ్మాయిని పిలిచి, లారింజెక్టమీ అంటే ఏంటో తనకి విడమరిచి చెప్పమన్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. చెప్పమన్నట్టు తలూపాను. గొంతు వణికినా సరే, గడ్డ అనలేదు, అంతే అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పాసయ్యావు," అన్నారు మావయ్యగారు.

ఇంత జరిగినా, రేపు వస్తారో రారో మాత్రం చెప్పలేదు. అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

పొద్దున్న లేచేసరికి చెప్పులేసుకుని వరండాలో తిరుగుతున్నారు. ఈసారి చేతిలో సంచి ఉంది.

ఆస్పత్రిలో సర్జన్, "మీకు ఏం చేస్తున్నామో తెలుసా పెద్దాయనా?" అని అడిగింది. వదిన నన్ను మోచేత్తో పొడిచింది. నేను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. "నా మాటపెట్టె తీసేసి, మెడలో ఊపిరికి దారి పెడతారు," అన్నారు ఆయన. "ప్రాణం దక్కుతుంది, మార్కెట్ పోతుంది." ఆవిడ మా వైపు ఒకసారి చూసి, కాగితాలు ఆయన ముందు పెట్టింది. సంతకం పెట్టారు. మూడోసారి అన్న మాట మాత్రం అప్పుడు కూడా అనలేదు. రేపటిదాకా మనసు మార్చుకోవచ్చట కదా అని, ఎంతో మామూలుగా, నర్సుని అడిగి మరీ తెలుసుకున్నారు. మా ఆయన ఆ రోజంతా వార్డు బయట నడుస్తూనే ఉన్నాడు.

మర్నాడు స్ట్రెచర్ ఆపరేషన్ థియేటర్ తలుపుల దగ్గర ఆగింది. ఇక ఇక్కణ్నుంచి మీరు రాకూడదన్నారు. వదిన ఆయన దుప్పటి సర్దింది, మా ఆయన వాళ్ల నాన్న కళ్లద్దాలు తీసి తన జేబులో పెట్టుకున్నాడు. మావయ్యగారు నాకేసి చూసి, చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి, స్ట్రెచర్ కమ్మీ మీద ఒక్క దెబ్బ వేశారు.

"మూడోసారి!"

గరగర లేదు. ఎక్కణ్నుంచి తెచ్చారో, మార్కెట్ గొంతు. వరండా చివర మందులషాపు ముందు నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. తలుపులు తెరుచుకుని, మూసుకున్నాయి.

మేం ముగ్గురం ఆ తలుపులకేసి చూస్తూ ఉండిపోయాం. భోజనాల బల్ల దగ్గర్నుంచి నాతో మాట్లాడని వదిన, మొదటిసారి నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ ఊపిరి దారి సంగతి చెప్పు," అంది. "మొదట్నుంచి చెప్పు. ఎలా శుభ్రం చెయ్యాలి, ఎలా కప్పాలి, అన్నీ. రేపట్నుంచి చూసుకోవాల్సింది మనమే కదా."

నేను తోక దగ్గర మొదలుపెట్టాను.